కంప్యూటరు ధ్వనిని స్టీరియోకు అందించుట

తరగతి గదిలో లాప్‌టాప్ కంప్యూటరు ఒకటి ఉన్నది. దానిలోని ఒక వీణ కచేరీనో, అడవి పక్షుల కూతలనో నలుబది మంది విద్యార్థులకు వినిపింపవలెను. కంప్యూటరులోని లౌడ్ స్పీకరు రూపాయి బిళ్లకంటె అట్టే పెద్దది కాదు. ముందు వరుసవారికి ధ్వని సన్నగా వినిపించును. వెనుక వరుసవారికి అది గుసగుసగా మాత్రమే మిగులును. అదే బడిలోగాని, ఉపాధ్యాయుని ఇంటిలోగాని, ఆంప్లిఫయరును రెండు పెద్ద లౌడ్ స్పీకర్లును గల స్టీరియో సెట్టు ఉండవచ్చును. రెంటిని కలిపిన చాలును గదా అని ఎవరికైనను తోచును.

నిజమే. కలుపుటకు కావలసినది ఒక తీగ మాత్రమే. కాని ఆ తీగను ఏ సాకెట్టు నుండి ఏ సాకెట్టునకు వేయవలెను? వేసిన తరువాత స్పీకర్లనుండి గుంయ్‌మను మ్రోత ఎందుకు పుట్టును? ఆ మ్రోతను మాన్పుటకు కొందరు చేయు పని ప్రాణాపాయకరమని ఎందుకు చెప్పవలెను? ఈ ప్రశ్నలన్నింటికిని సమాధానము హైస్కూలు విద్యుత్ పాఠములలోనే ఉన్నది. ఓమ్ నియమము, విద్యుదయస్కాంత ప్రేరణ, ఎర్త్ తీగ ఉపయోగము: ఈ మూడింటిని తెలిసినవారు ఈ పనిని చక్కగా చేయగలరు.

అంకెలనుండి అలలు

ధ్వని యనగా గాలిలోని ఒత్తిడి హెచ్చుతగ్గుల అల. కంప్యూటరులో అల ఉండదు. అంకెలు మాత్రమే ఉండును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు పద్ధతిలో ఒక్కొక్క చెవికి ఉద్దేశించిన ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల అంకెగా వ్రాయుదురు. 16 బిట్లతో 65,536 మెట్లను గుర్తింపవచ్చును.

సెకనుకు 44,100 ఎందుకు? ఒక అలను తిరిగి నిర్మింపవలెనన్నచో, దానిలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువ పర్యాయములు కొలువవలెను. హారీ నైక్విస్టు 1928లో సూచించి, క్లాడ్ షానన్ 1949లో నిరూపించి ప్రకటించిన సూత్రమిది. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. దాని రెట్టింపు 40,000. కొంత మిగులుతో 44,100.

ఈ అంకెలను తిరిగి విద్యుత్ అలగా మార్చు భాగము కంప్యూటరులోనే కలదు. అంకె పెద్దదైనచో ఎక్కువ వోల్టేజిని, చిన్నదైనచో తక్కువ వోల్టేజిని అది పుట్టించును. ఆ మెట్లను నునుపుచేయగా వచ్చిన అలయే హెడ్‌ఫోను సాకెట్టునుండి వెలికి వచ్చును.

సంకేతము వేరు, శక్తి వేరు

ఆ సాకెట్టునుండి వచ్చు వోల్టేజి, వాల్యూము పూర్తిగా పెంచినప్పుడు, ఇంచుమించు 1 వోల్టు ఉండును. కంప్యూటరును బట్టి ఇది కొంత హెచ్చుగానో తగ్గుగానో ఉండవచ్చును. గృహోపకరణములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు ఏర్పరచుకొన్న స్థాయి కూడ దాదాపు ఇట్టిదే. దానిని లైను స్థాయి యందురు. దాని ప్రమాణము 0.316 వోల్టు; కాంపాక్టు డిస్కు యంత్రములు గరిష్ఠముగా 2 వోల్టుల వరకు ఇచ్చును. కావున కంప్యూటరుకును స్టీరియోకును వోల్టేజి విషయములో పెద్ద పేచీ లేదు.

మరి లౌడ్ స్పీకరును నేరుగా కంప్యూటరుకే తగిలింపరాదా? ఇక్కడనే ఓమ్ నియమము అడ్డు వచ్చును. 8 ఓముల స్పీకరు 20 వాట్ల శక్తితో మ్రోగవలెనన్నచో దాని కొసలయందు 12.6 వోల్టులుండి, దానిలో సుమారు 1.6 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహింపవలెను. హెడ్‌ఫోను సాకెట్టునకు అంతటి బలము లేదు. దాని వెనుక కొంత అంతర్నిరోధము దాగి ఉండును. అది 100 ఓములనుకొనుడు. తెరచి ఉంచినప్పటి వోల్టేజి 1 వోల్టు అనుకొనుడు. 8 ఓముల స్పీకరును తగిలించినచో మొత్తము నిరోధము 108 ఓములగును. స్పీకరు వాటాకు వచ్చునది 108లో 8 వంతులు, అనగా 0.074 వోల్టు మాత్రమే. అప్పుడు స్పీకరుకు చేరు శక్తి ఒక వాటులో వేయవ వంతైనను కాదు. 20 వాట్లతో పోల్చినచో సుమారు 29,000 రెట్లు తక్కువ!

అదే సాకెట్టును ఆంప్లిఫయరు లైను సాకెట్టునకు కలుపుడు. దాని నిరోధము సాధారణముగా 10,000 ఓములు, లేక అంతకు మించి ఉండును. ఇప్పుడు 10,100 ఓములలో 10,000 ఓముల వాటా ఆంప్లిఫయరుకు చెందును. అనగా 1 వోల్టులో 0.99 వోల్టు చెక్కుచెదరక చేరును. ప్రవహించు విద్యుత్తో, ఆంపియరులో పదివేలవ వంతు. కంప్యూటరు పంపునది శక్తి కాదు, సమాచారము. ఉత్తరము మోసుకొనిపోవు టపా బంట్రోతు బస్తాలు మోయనక్కరలేదు గదా! బరువు మోయు పని ఆంప్లిఫయరుది. అది గోడ ప్లగ్గునుండి శక్తిని తీసికొని, సంకేతము చెప్పిన ఆకారములో స్పీకరునకు అందించును.

ఈ లెక్కనుండి ఒక సులభ సూత్రము వచ్చును: పుచ్చుకొను యంత్రము నిరోధము ఇచ్చు యంత్రము అంతర్నిరోధమునకు కనీసము పది రెట్లుండవలెను.

ప్లగ్గులు, సాకెట్లు

కంప్యూటరు వైపున ఉండు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు పాత టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో వాడిన 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గునకు చిన్న తమ్ముడు. దానిపై రెండు నల్లని గీతలు కనిపించును. అవి విద్యుత్ బంధకములు. వానిచే ప్లగ్గు మూడు భాగములుగా విడివడును. కొన ఎడమ ధ్వనికి, మధ్య ఉంగరము కుడి ధ్వనికి, మొదలు రెంటికిని ఉమ్మడి తిరుగు దారికి. నేటి లాప్‌టాపులలో మైక్రోఫోనును కూడ చేర్చి నాలుగు భాగముల సాకెట్టును పెట్టుచున్నారు. మూడు భాగముల ప్లగ్గు అందులోను పనిచేయును.

బల్లపై నుంచు కంప్యూటర్లలో పలు సాకెట్లుండును. వానిలో లేత ఆకుపచ్చనిది ధ్వని వెలుపలికి వచ్చునది. గులాబి రంగుది మైక్రోఫోనుకు. లేత నీలిది వెలుపలి ధ్వనిని లోనికి తీసికొనుటకు.

స్టీరియో వైపున సాధారణముగా రెండు గుండ్రని సాకెట్లు జంటగా ఉండును. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకు. ఇవి అమెరికాలోని రేడియో కార్పొరేషన్ సంస్థ 1930ల దశాబ్దములో ప్రవేశపెట్టిన రకము. నేటికిని ఆ సంస్థ పొడి అక్షరములతో ఆర్.సి.ఎ. ప్లగ్గులని పిలువబడుచున్నవి. కావలసిన తీగ, ఒక కొసను 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గును, రెండవ కొసను ఎరుపు తెలుపు ప్లగ్గులును గలది.

ఆంప్లిఫయరుపై ఏ జంటను ఎన్నుకొనవలెను? ఆక్స్, సి.డి., టేపు, ట్యూనరు అని వ్రాసియున్న వానిలో ఏదైనను సరియే. ఫోనో అని వ్రాసినదానిని మాత్రము వాడరాదు. అది గ్రామఫోను రికార్డు సూదికి ఉద్దేశించినది. ఆ సూది ఇచ్చునది కొన్ని మిల్లీవోల్టులే. కావున ఆ మార్గములో సంకేతమును అదనముగా పెంచు ఏర్పాటుండును. అంతేకాక, రికార్డు గాడిలో మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను హెచ్చించి చెక్కుదురు. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ దీనికొక ప్రమాణమును నిర్ణయించినది. ఫోనో మార్గము ఆ మార్పును తిరగవేయును. కంప్యూటరు ధ్వనిని అందులో పోసినచో అల శిఖరములు తెగిపోయి బొంగురుగాను, మంద్రము పొంగి ముద్దగాను వినిపించును.

ఆంప్లిఫయరునుండి స్పీకర్లకు పోవు కొసలను కంప్యూటరుకు ఎన్నడును తగిలింపరాదు. అక్కడ పది వోల్టులకు పైబడి ఉండవచ్చును. కంప్యూటరులోని సున్నితమైన భాగములు చెడిపోవును.

బడులలో స్టీరియో లేక, సభలకు వాడు మైకు సెట్టు మాత్రమే ఉండుట కద్దు. దానికి ఎడమ కుడి భేదము లేదు. ఆక్స్ సాకెట్టు ఒక్కటే ఉండును. అట్టిచోట ఎడమ తీగను కుడి తీగను నేరుగా ముడివేయరాదు. ముడివేసినచో కంప్యూటరులోని రెండు భాగములు ఒకదానికొకటి ఎదురుతిరిగి పెనుగులాడును. ఒక్కొక్క తీగలో 1,000 ఓముల నిరోధమును శ్రేణిలో పెట్టి, ఆ తరువాత రెంటిని కలిపి మైకు సెట్టుకు ఇచ్చినచో సంకేతములు రెండును సుఖముగా కలిసిపోవును.

విద్యార్థులకొక ప్రయోగము

సాకెట్టు వెనుక దాగిన అంతర్నిరోధమును కొలుచుట కష్టము కాదు. సెకనుకు 100 కంపనముల ఏకస్వరమును కంప్యూటరులో మ్రోగింపవలెను. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు కొనకును మొదలుకును రెండు తీగలను తగిలించి, 2 వోల్టుల ఎ.సి. శ్రేణి గల మల్టీమీటరుతో వోల్టేజిని చూడవలెను. అది 0.90 వోల్టు అనుకొనుడు. వాల్యూమును మార్పక, ఆ తీగల మధ్య 33 ఓముల నిరోధమును కలిపి మరల చూడవలెను. ఇప్పుడు 0.60 వోల్టు అనుకొనుడు. 33 ఓముల నిరోధముపై 0.60 వోల్టు ఉన్నది, పోయిన 0.30 వోల్టు అంతర్నిరోధముపై ఉన్నది. రెంటిలోను ప్రవహించునది ఒకే విద్యుత్తు. కావున అంతర్నిరోధము అందులో సగము, 16.5 ఓములు. 33 ఓములకు బదులు 10,000 ఓములను పెట్టి చూచినచో మీటరు ముల్లు గాని, అంకె గాని కదలినట్లే కనిపింపదు. పైన చెప్పిన పది రెట్ల సూత్రము కంటికి కట్టినట్లగును.

గుంయ్‌మను మ్రోత

తీగను సరిగా కలిపిరి. పాట చక్కగా వినవచ్చుచున్నది. కాని పాట ఆగిన వెంటనే వెనుకనుండి తుమ్మెద రొదవంటి మ్రోత వినిపించును. ఇది కంప్యూటరు లోపము కాదు, స్టీరియో లోపమును కాదు; రెంటిని కలుపుటవలన పుట్టిన క్రొత్త వలయము లోపము.

కంప్యూటరునకు మూడు పిన్నుల ప్లగ్గు ఒక గోడయందు, ఆంప్లిఫయరునకు మూడు పిన్నుల ప్లగ్గు మరియొక గోడయందు ఉన్నవనుకొనుడు. రెండు యంత్రముల లోహపు డొక్కులును ఎర్త్ తీగ ద్వారా భూమికి కలిసియున్నవి. ఇప్పుడు ధ్వని తీగలోని తిరుగు దారి ఆ రెండు డొక్కులను ఇంకొకసారి కలిపినది. కంప్యూటరు, ధ్వని తీగ, ఆంప్లిఫయరు, గోడలోని ఎర్త్ తీగ, మరల కంప్యూటరు: ఒక పెద్ద మూసిన వలయము సిద్ధమైనది.

ఇంటి తీగలలో విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు ఊగిసలాడును. దాని చుట్టు ఉండు అయస్కాంత క్షేత్రము కూడ అట్లే ఊగును. మారుచున్న అయస్కాంత క్షేత్రము మూసిన వలయములో విద్యుత్తును పుట్టించునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. దీనికి తోడు, యంత్రముల లోపలనుండి కారు స్వల్ప విద్యుత్తు ఎర్త్ తీగలలో ప్రవహించుటచే రెండు గోడల ఎర్త్‌ల నడుమ కూడ కొంచెము వోల్టేజి భేదము ఏర్పడును. ఈ రెండు కారణములచేతను ధ్వని తీగ తిరుగు దారిలో 50 మిల్లీ ఆంపియర్లు ప్రవహించుచున్నవనుకొనుడు. ఆ దారి నిరోధము ఓములో పదవ వంతే యైనను, దానిపై 5 మిల్లీవోల్టుల వోల్టేజి పుట్టును. 0.316 వోల్టు లైను స్థాయిలో ఇది సుమారు 63వ వంతు. ఆంప్లిఫయరు దీనిని కూడ పాటలో భాగమే అనుకొని భక్తితో పెద్దది చేయును!

మొదట రోగ నిర్ణయము చేయవలెను. లాప్‌టాప్ చార్జరును గోడనుండి తీసివేసి బ్యాటరీపై నడుపుడు. మ్రోత మాయమైనచో వలయము ఆ దారినే ఉన్నదని తెలియును. తీగను కంప్యూటరునుండి ఊడదీసినను మ్రోత మిగిలినచో దోషము ఆంప్లిఫయరులోనో, తీగలోనో ఉన్నది.

తరువాత చికిత్స. రెండు యంత్రములను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోని ఎర్త్ గల సాకెట్లకు తగిలించినచో వలయము వైశాల్యము తగ్గును. ఎర్త్‌ల నడుమ భేదమును తగ్గును. తరచు ఇంతటితోనే మ్రోత అణగిపోవును. ధ్వని తీగను కరెంటు తీగల ప్రక్కగా సాగనీయక, తప్పనిచోట వానికి అడ్డముగా దాటింపవలెను. అప్పటికిని మ్రోత పోనిచో, ధ్వనికి ఉద్దేశించిన చిన్న ట్రాన్స్‌ఫార్మరును మధ్య నుంచవలెను. దానిలో సమానమైన చుట్లు గల రెండు తీగచుట్టలు ఉండును. అల ఒక చుట్టనుండి మరియొక చుట్టకు అయస్కాంత క్షేత్రము ద్వారా దాటును. తీగకు తీగ మాత్రము తగులదు. వలయము తెగును, పాట సాగును. మ్రోతను పుట్టించిన ఫారడే నియమమే దానిని మాన్పుటకును పనికివచ్చినది.

ఎర్త్ పిన్నును తీసివేయరాదు

ఈ మ్రోతను వదిలించుకొనుటకు కొందరు మరియొక ఉపాయము చేయుదురు. ఆంప్లిఫయరు ప్లగ్గులోని ఎర్త్ తీగను కత్తిరింతురు, లేక ఎర్త్ పిన్నును విరిచివేయుదురు. వలయము తెగును, మ్రోతయు నిలిచిపోవును. పని సఫలమైనదని సంతోషింతురు. ఇంతకంటె ప్రమాదకరమైన విజయము మరొకటి లేదు.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను మిగిలిన రెంటికంటె లావుగాను పొడవుగాను ఏల ఉండును? సాకెట్టులో అన్నిటికంటె ముందు తగులుటకును, ఊడదీయునప్పుడు అన్నిటికంటె చివర విడుటకును. యంత్రము లోపల 230 వోల్టుల తీగ పొరబాటున లోహపు డొక్కునకు తగిలినచో, విద్యుత్తు ఎర్త్ తీగ గుండ ధారాళముగా పారి ఫ్యూజును కాల్చును, లేక రక్షక స్విచ్చిని పడవేయును. యంత్రము చచ్చును; మనిషి బ్రతుకును.

ఎర్త్ తీగ లేనిచో ఫ్యూజు కాలదు. డొక్కు 230 వోల్టులతో మౌనముగా కాచుకొని ఉండును. చెమట చేతులతో దానిని తాకిన విద్యార్థి శరీర నిరోధము 2,000 ఓములనుకొనినను, అతనిగుండ 115 మిల్లీ ఆంపియర్లు పారును. మనుష్యుల రక్షణకై ఇండ్లలో అమర్చు ఎర్త్ లీకేజి స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లకే తెగునట్లు చేయుదురనిన, ఈ అంక యెంత భయంకరమో తెలియగలదు. ధ్వని తీగ తగిలియున్నచో మరియొక ముప్పు. ఆ దోషపు విద్యుత్తు అంతయు, ఆంపియరులో పదివేలవ వంతుకై ఏర్పడిన ఆ సన్నని తీగ గుండ కంప్యూటరులోనికి పరుగెత్తును. తీగ మండవచ్చును.

మ్రోత చెవికి బాధ. అంతకంటె హాని చేయదు. దానిని మాన్పుటకు ధ్వని మార్గములోనే తెంపు చేయవలెను గాని, ప్రాణమును కాపాడు మార్గములో చేయరాదు. చార్జరులకు తయారీయందే రెండు పిన్నులున్నచో అది వేరు మాట. అట్టివానిని రెండు పొరల బంధకములతో నిర్మింతురు. మూడు పిన్నులతో వచ్చిన యంత్రమును రెండు పిన్నుల యంత్రముగా మార్చు అధికారము ఎవరికిని లేదు.

లోహము తగులని మార్గములు

విద్యుత్ సంబంధము లేకయే ధ్వనిని దాటించు మార్గములును కలవు. జపానులోని తోషిబా సంస్థ 1983లో ప్రవేశపెట్టిన పద్ధతిలో అంకెలను ఎర్రని కాంతి మినుకులుగా మార్చి, సన్నని ప్లాస్టిక్ తంతువు గుండ పంపుదురు. కాంతికి ఎర్త్ తో పని లేదు. కావున వలయమే ఏర్పడదు. రెండు యంత్రములకును ఆ సాకెట్టు ఉండవలెను.

బ్లూటూత్ పద్ధతిలో సెకనుకు సుమారు 240 కోట్ల కంపనములు గల రేడియో అలలు దూతలగును. సౌకర్యమే, కాని అంకెలను కుదించుటకును విప్పుటకును కొంత కాలము పట్టును. ఆలస్యము సెకనులో ఐదవ వంతైనచో, అది గాలిలో సుమారు 70 మీటర్ల దూరమునుండి వచ్చు ధ్వని ఆలస్యమునకు సమానము. పాట వినుటకు ఇబ్బంది లేదు; కంప్యూటరుపై వాద్యము వాయించువారికి మాత్రము చేయి ఒకచోట, స్వరము ఒకచోట అగును.

హెడ్‌ఫోను సాకెట్టు లేని కంప్యూటర్లకు, యు.ఎస్.బి. సాకెట్టులో తగిలించు చిన్న పరికరము దొరకును. అంకెలను అలగా మార్చు పని అది చేయును. ఐతే దాని తిరుగు దారియు కంప్యూటరు డొక్కుతో కలిసియే ఉండును గనుక, మ్రోతకు అది మందు కాదని గుర్తుంచుకొనవలెను.

కలుపు క్రమము

మొదట ఆంప్లిఫయరు వాల్యూమును సున్నకు త్రిప్పవలెను. ఎరుపు తెలుపు ప్లగ్గులలో మధ్య సూది ముందు తగులును, వెలుపలి కడియము తరువాత తగులును. ఆ క్షణకాలములో తిరుగు దారి లేక స్పీకర్లు పెద్దగా గర్జించును. వాల్యూము సున్నలో ఉన్నచో ఈ బాధ లేదు. తీగను కలిపిన పిమ్మట కంప్యూటరు వాల్యూమును ముప్పాతికకు పైగా పెంచి, గది వాల్యూమును ఆంప్లిఫయరుతో సరిచేయవలెను. తీగలో చేరు రొద ఎప్పుడును ఒకే మోతాదులో ఉండును. సంకేతము బలముగా ఉన్నప్పుడే రొద దాని చాటున దాగును. 16 బిట్ల అలను కంప్యూటరులోనే పదునారవ వంతునకు తగ్గించినచో, 65,536 మెట్లలో 4,096 మాత్రమే మిగులును. ధ్వని బొంగురుపోయినచో మాత్రము కంప్యూటరు వాల్యూమును కొంత తగ్గింపవలెను.

చివరకు స్పీకర్ల స్థానము. ఇంగ్లండులో ఇంజనీరు అలన్ బ్లూమ్లైన్ 1931 డిసెంబరులో స్టీరియో పద్ధతికి పేటెంటు కోరెను. రెండు చెవులకు చేరు ధ్వనులలోని స్వల్ప భేదమునుబట్టి మెదడు దిక్కును గుర్తించునన్నదే దానికి ఆధారము. కావున రెండు స్పీకర్లును, వినువారును సమబాహు త్రిభుజము మూడు శీర్షములయందుండుట మేలు. ఒక స్పీకరు తీగలు తారుమారైనచో ఒకటి గాలిని నెట్టునప్పుడు మరియొకటి లాగును, మంద్రస్వరములు పలుచబడును. మృదంగము తొప్పి ధ్వని నీరసముగా ఉన్నచో ముందు ఆ తీగలను చూడవలెను.

ఇంత చేసిన పిమ్మట, వీణ తీగ మీటిన ధ్వని వెనుక వరుసలోని విద్యార్థికిని స్పష్టముగా వినవచ్చును. ఆ విద్యార్థులకు తీగను చూపి, ఓమ్ నియమమును అక్కడనే బోధింపవచ్చును. గోడ ప్లగ్గులోని పొడవైన పిన్నును చూపి, అది ఏల ఉన్నదో అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసిన పిల్లవాడు తన ఇంటిలో ఆ పిన్నును ఎవరినీ విరువనీయడు.